రెండో అంతస్తులో చెరువు

చేపల చెరువు మీద బతికే మనిషికి గుండెజబ్బు వస్తే, మనసు నిమ్మళంగా ఉండటానికి ఇంట్లో చేపలు పెట్టుకోమన్న డాక్టరుగారిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలీదు. తిడదామంటే నోరు రాదు, మా ఆయన్ని బతికించింది ఆయనే. పొగుడుదామంటే మనసొప్పదు.

తొంభైల చివర్లో సంగతి ఇది. మాది మొగల్తూరుకి కాస్త ఇవతల ఊరు. ఆ చుట్టుపక్కల వరిచేను తవ్వించి మంచినీళ్ళ చెరువు చేసి, బొచ్చె, శీలావతి చేపలు పెంచడం మొదలుపెట్టినవాళ్ళలో మా ఆయన ముందువరస మనిషి. ఒకనాడు ఆ చెరువు గట్టు మీదే గుండె పట్టుకుని కూలబడ్డారు. నరసాపురంలో సూది వేయించి, కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి రాజమండ్రి తీసుకొచ్చాం. బతికారు. ఆస్పత్రి నుంచి వదిలేటప్పుడు డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, మూడు నెలలు మెట్లు దిగకూడదు, ఎక్కకూడదు, కోపం రాకూడదు, కంగారు అసలే పడకూడదు, చెరువు ఊసు ఎత్తకూడదు అని చెప్పారు. "ఇంకోసారి వస్తే నేనేం చెయ్యలేనమ్మా" అన్నారు. ఆ మాట నా చెవుల్లో దిగబడిపోయింది.

ఆస్పత్రికి దగ్గరని మా అమ్మాయి ఫ్లాటులో దిగాం. అది రెండో అంతస్తు. లిఫ్టు లేదు. ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుంటూ పైకి తెచ్చి హాల్లో దించి వెళ్ళిపోయారు. మళ్ళీ కిందకి దించేవాళ్ళు లేరు. పొద్దున్నే అమ్మాయి బడికి పాఠాలు చెప్పడానికి పోయేది. అల్లుడు మందుల కంపెనీ బ్యాగు పట్టుకుని ఊళ్ళు తిరగడానికి పోయేవాడు. తలుపేసి గొళ్ళెం పెట్టుకుంటే లోపల మేమిద్దరమే. కిటికీ తీస్తే పక్కింటి గోడ. నాకేమో తాంబూలం అలవాటు. ఉమ్మడానికి కూడా చోటులేని ఇల్లది, తల్లీ! బాత్రూములో ఉమ్మి బకెట్టుడు నీళ్ళు పోసుకోవాలి.

ఆయన కుర్చీలో కూర్చుని ఒకటే లెక్క వేసుకునేవారు. పట్టుబడి లెక్క. పట్టుబడంటే చెరువులో వల దించి చేపంతా పట్టేసే రోజు. "మూడు నెలలు అయ్యేసరికి చేప బాగా ఎదుగుతుందే. పట్టుబడి నాటికి గట్టు మీదుంటాను" అనేవారు. ఊళ్ళో మా అబ్బాయి ఉన్నాడు చూసుకోవడానికి. ఊసెత్తొద్దని డాక్టరుగారన్నా వినకుండా వాడికి రోజూ సాయంత్రం ఫోను. "చేప ఎలా ఉందిరా?" "బాగుంది నాన్నా." "మేత తింటోందా?" "తింటోంది నాన్నా." ఫోను పెట్టేశాక ఆయన మొహం కాస్త విప్పారేది. ఆ పట్టుబడి కోసమే ఆయన మందులు మింగుతున్నారని, చప్పిడికూడు తింటున్నారని నాకు తెలుసు. లేకపోతే ఆయన నా మాట వినే రకమా!

మెట్లు దిగకూడదు కాబట్టి డాక్టరుగారే అప్పుడప్పుడు పైకొచ్చి చూసేవారు. అద్దాల తొట్టి గురించి చెప్పింది ఆ రోజుల్లోనే. రంగుచేపల్ని చూస్తూ కూర్చుంటే బీపీ తగ్గుతుందట. మా అమ్మాయి ఆ సాయంత్రమే ఆటోలో వేయించుకొచ్చింది. గాజుతొట్టి, గులకరాళ్ళు, బుడగలొదిలే చిన్న మోటారు, దానికో స్పాంజి, ఆరు గోల్డ్ ఫిష్‌లు. టీవీ పక్కన బల్ల మీద పెట్టి, కొళాయి నీళ్ళు నింపి, చేపల్ని వదిలేసింది. లైటు వేస్తే హాలంతా పెళ్ళిపందిరిలా మెరిసింది. ఆయన కుర్చీ దగ్గరకి జరుపుకుని కళ్ళజోడు పెట్టుకున్నారు.

"ఇవి ఎంత బరువొస్తాయమ్మా?"

"బరువేంటి నాన్నా! ఇవి చూసుకోవడానికి."

"చూసుకోవడానికా?" అని మేత డబ్బా మూత తీసి, "మేతయితే తినాలిగా" అని డబ్బాలో గింజలు గుప్పెడు తీసి వేసేశారు. చేప బరువు రావాలంటే కడుపునిండా పెట్టాలి కదా, ఆయన లెక్క అది. వద్దండీ అని నేనూ అనలేదు. మనిషి నవ్వి ఎన్నాళ్ళయిందో.

రెండ్రోజులు బాగానే గడిచింది. మూడోనాడు తెల్లారగట్ల హాల్లోంచి కేక. "తేలాయే! తేలాయే! ఇంజను వెయ్యమను!"

నేను పరుగున వెళ్ళేసరికి ఆయన తొట్టి ముందు నిలబడి వణికిపోతున్నారు. చేపలారూ నీటి పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని గుటకలు వేస్తున్నాయి. ఇది తెలియనివాళ్ళకి వింతగా ఉంటుంది గానీ, చెరువున్న ఇంట్లో ఈ మాట వింటే గుండె జారిపోతుంది. తెల్లారగట్ల చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోయినప్పుడు చేపలన్నీ ఇలాగే పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు వెంటనే ఇంజను పెట్టి కొత్తనీళ్ళు కొట్టకపోతే, పొద్దెక్కేసరికి పంటంతా తెల్లగా వెల్లకిలా పడి ఉంటుంది. చెరువు తవ్వించిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఆయన చీకటుండగానే లేచి, మొహమైనా కడగకుండా, సైకిలెక్కి చెరువు మీదకి పోయేది ఈ భయానికే. ఆ భయం నుంచి మూడు నెలలు దూరం పెట్టమని డాక్టరుగారన్నారు. మేం తీసుకొచ్చి హాల్లో లైటు వేసి పెట్టాం.

నాలుక కింద మాత్ర పెట్టి, వీపు నిమిరి కూర్చోబెట్టాను.

"ఇంజను లేదండీ ఇక్కడ. ఇది ఫ్లాటు" అన్నాను.

"తెలుసే" అన్నారు. కానీ కళ్ళు మాత్రం తొట్టి మీదనుంచి తిప్పలేదు.

అమ్మాయి చేపలు కొన్న కొట్టుకి ఫోను చేస్తే కొట్టతను, "నీళ్ళు మార్చండి మేడం, అంతే" అన్నాడట. నాకు ఆ మాట చాలు. నా శుభ్రం సంగతి మా వీధంతా ఎరుగుదురు. చేపల్ని బకెట్లో వేసి, తొట్టిని బాత్రూముకి లాక్కెళ్ళి, నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళు ఒక్కొక్కటీ కొబ్బరిపీచుతో తోమి, స్పాంజిని బట్ట ఉతికినట్టు ఉతికి పిండి కిటికీకి ఆరేశాను. అద్దం తళతళలాడింది. కొళాయి నీళ్ళు పట్టాను. బ్లీచింగు వాసన గుప్పుమంటోంది, పోనీలే, అదీ శుభ్రానికే కదా అనుకున్నాను. మర్నాడు తెల్లారేసరికి చేపలు మళ్ళీ పైనే ఉన్నాయి. మళ్ళీ తోమాను. ఇంకోనాడు ఇంకా గట్టిగా తోమాను. నేను తోమేకొద్దీ అవి నీరసపడుతున్నాయి. అలా తోముతుండగానే ఒకటి పోయింది.

ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని మొప్పలు తెరిచి చూశారు. డాక్టరుగారు నాడి చూసినట్టే చూశారు.

"సున్నం తేవే" అన్నారు.

"సున్నమేంటండీ?"

"నీ తాంబూలం డబ్బాలోదే. అడుగు చెడింది. చెరువైతే బస్తాలు చల్లుతాం. దీనికి చిటికెడు చాలు."

చెరువుకి ఏ జబ్బొచ్చినా మావాళ్ళకి తెలిసిన మొదటి మందు సున్నమే. నీళ్ళు చెడినా సున్నం, చేపకి పుండు పడినా సున్నం, వాన పడినా సున్నమే. నేను డబ్బా తెచ్చిచ్చాను. ఆయన గ్లాసులో కలిపి, పైకి తేరిన నీళ్ళు తొట్టిలో పోసి, "ఇంక చూడు" అని ధీమాగా కూర్చున్నారు. నాకూ ధైర్యం వచ్చింది. ఇన్నేళ్ళు చేప పెంచిన మనిషికి తెలీకపోతుందా!

మధ్యాహ్నం అన్నాలయ్యేలోపు మూడు పోయాయి. అటూ ఇటూ పిచ్చెక్కినట్టు కొట్టుకుని, గాజుకి గుద్దుకుని, పక్కకి వాలిపోయాయి. మిగిలింది రెండే రెండు.

ఆయన మొహం చేతుల్లో పెట్టుకున్నారు. అంత పెద్ద మగాడు, గట్టు మీద కేకేస్తే కాలవ అవతలకి వినపడే మనిషి, "నేనే చంపేశానే" అన్నారు మెల్లిగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆ తొట్టి మీద, డాక్టరు మీద, పక్కింటి గోడ మీద. "చేపే కదండీ పోయింది! దానికింత యాగీ ఏంటి? వేలకి వేలు పట్టి అమ్మలేదా?" అని అరిచాను.

"చేపేనే" అన్నారు. "నాకు తెలిసింది అదొక్కటేగా. అదీ తెలీదని తేలిపోయింది."

పళ్ళెంలో అన్నం అలాగే ఉండిపోయింది. ఆ రోజు ఇద్దరం తినలేదు.

సాయంత్రం అమ్మాయి వచ్చి విషయం విని, "తీసి పారేద్దాం నాన్నా, నాదే తప్పు" అంది. ఆయన లేచి నిలబడ్డారు. "పారేస్తే నేనిప్పుడే చెరువు మీదకి పోతాను. ఎవరూ మొయ్యక్కర్లేదు, నేనే దిగుతాను మెట్లు" అన్నారు. అన్నంత పనీ చేసే మనిషి. తొట్టి ఉంటే ఆ చేపల్ని చూసి గుండె కొట్టుకుంటుంది. తీసేస్తే మెట్లు దిగిపోతారు. అడకత్తెరలో పోకచెక్క సామెత రోజూ తాంబూలం వేసుకునే నాకు కొత్త కాదు గానీ, ఆ చెక్క ప్రాణం ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

మా అల్లుడు నోట్లో నాలుక లేని మనిషి. ఎవరికీ చెప్పకుండా దగ్గుమందు సీసా కడిగి, తొట్టి నీళ్ళు అందులో పట్టుకుని భీమవరం క్యాంపుకి తీసుకెళ్ళాడు. అక్కడ చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులు బోలెడు. రాత్రి భోజనాల దగ్గర మావయ్యకి చెబుతుంటే, ఇంట్లో అందరం నవ్వాం, చాలా రోజుల తర్వాత.

"ఎన్నెకరాల చెరువండీ అనడిగాడు ల్యాబతను, మావయ్యగారూ. టీవీ పక్కన బల్లంతండీ అన్నాను. నా వంక ఎగాదిగా చూశాడండి."

"సరే, ఏమన్నాడు?"

"చేప మురుగులోంచి పుట్టే అమోనియా మితిమీరిపోయిందన్నాడు. అది ఉన్నప్పుడు సున్నం వేస్తే ఇంకా విషమైపోద్దంట. కొత్త తొట్టి కదండీ, ఇంకా కుదురుకోలేదంట. నీళ్ళు మొత్తం మార్చకూడదంట, రోజూ కాస్త కాస్త తీసి పొయ్యాలంట. రాళ్ళు, స్పాంజి అస్సలు తోమకూడదన్నాడండి."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "కొత్త చెరువు!" అన్నారు. "ఒసే, ఇది కొత్త చెరువే! మనం మొదట తవ్వించిన ఏడు గుర్తుందా? మొదటి పంట పోలా? నీళ్ళు కొత్త, అడుగు కొత్త. చేప వేసిన మురుగుని తినే పురుగు అందులో ఇంకా పుట్టలేదు. కంటికి ఆనదులే అది. అడుక్కీ, రాళ్ళకీ, ఆ స్పాంజికీ అంటుకుని పెరగాలి. నువ్వేమో రోజూ తోమి తోమి దాన్ని పుట్టనివ్వట్లేదు."

"అయితే నేనే చంపానంటారా?"

"ఇద్దరం చంపాం. నువ్వు శుభ్రంతో, నేను సున్నంతో."

మర్నాటి నుంచి మా కాపురం పద్ధతి మారిపోయింది. ముందురోజే టబ్బులో నీళ్ళు పట్టి బ్లీచింగు వాసన పోయేదాకా ఉంచాలి. పొద్దున్నే తొట్టిలోంచి ఒక చిన్న బిందెడు తియ్యాలి, టబ్బులోంచి ఒక బిందెడు పొయ్యాలి. మేత చిటికెడే, అదీ అవి తినేదాకా నిలబడి చూసి. మోటారు ఆపకూడదు. గాజుకి పాచి పడుతున్నా నేను ముట్టుకోకూడదు. అదే నాకు నరకం. మురికి కళ్ళెదురుగా పెట్టుకుని చేతులు ముడుచుకుని కూర్చోమంటే నా వల్లవుతుందా? పీచు ముక్క చేత్తో పట్టుకుని తొట్టి దాకా వెళ్ళి, ఆయన గుడ్లురిమితే వెనక్కి వచ్చేదాన్ని.

అయినా ఆ రెండు చేపలూ తెల్లారగట్ల తేలుతూనే ఉన్నాయి. ఆయన చీకటుండగానే లేచి వాటి ముందు కూర్చునేవారు. ఒకటి ఎర్రది, ఇంకోటి తెల్లమచ్చది. తెల్లమచ్చదానికి తోక చివర చీకిపోతోంది. డాక్టరుగారు వచ్చి బీపీ చూసి, తగ్గలేదేంటమ్మా అని నన్నడిగారు. చేపల వల్లండీ అని ఎలా చెప్పను?

"పాత చెరువు నీళ్ళు కాసిని పడితే ఆ పురుగు త్వరగా పడుతుందే" అన్నారు ఆయన ఒకరోజు. "మన తూము దగ్గర రాళ్ళకి పాచి పట్టి ఉంటుంది. అలాంటి రాళ్ళు నాలుగు, ఒక క్యాను నీళ్ళు. అంతే. ఇవి బతికేస్తాయి."

అబ్బాయికి ఫోను చేశారు. "రేపు పంపిస్తాను నాన్నా" అన్నాడు. రేపు కూడా రేపే అన్నాడు. ఒకసారి జ్వరం అన్నాడు, ఒకసారి బస్సులో క్యాను ఎక్కనివ్వలేదన్నాడు. నాకు కోపం నషాళానికంటింది. కన్నతండ్రి క్యాను నీళ్ళడిగితే పంపలేని కొడుకెందుకు? "నేనే వెళ్ళొస్తాను" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి నా వంక చూశారు. మా ఇళ్ళల్లో ఆడది చెరువు గట్టు ఎక్కదు. ఎక్కితే చేప నిలవదంటారు. చేప అమ్మిన డబ్బుతో వండుకు తినొచ్చు, కూతురి పెళ్ళి చెయ్యొచ్చు, పట్టుచీర కట్టుకోవచ్చు, గట్టు మాత్రం తొక్కకూడదు. చెరువు తవ్వించిన దగ్గర్నుంచీ క్యారేజీ సర్ది పంపడమే గానీ, అది ఎంతుందో, ఎలా ఉందో నేనెరగను. అడగనూ లేదు. ఆయన కూడా ఏనాడూ రమ్మనలేదు.

"వెళ్ళు" అన్నారు చివరికి. "తూము పడమటి మూలనుంటుంది. గట్టు మీద అరటిచెట్లుంటాయి, వాటి పక్కనుంచి దిగు. జారుద్ది, జాగ్రత్త."

పక్కింటావిడని ఆయన దగ్గర కూర్చోబెట్టి, మాత్రలెక్కడున్నాయో రెండుసార్లు చెప్పి, నరసాపురం బస్సెక్కాను. అక్కడ దిగి ఇంకో బస్సు. ఇంటికి పోకుండా తిన్నగా చెరువు దారి పట్టాను. పొద్దున ఆ ఫ్లాటు మెట్లు దిగి రోడ్డు మీద పడగానే గాలి తగిలి ఎంత హాయిగా అనిపించిందో, ఆయన్ని పైన వదిలేసి నేనిలా హాయిపడుతున్నానే అని అంత సిగ్గూ వేసింది.

గట్టు దగ్గరకి పోకముందే ఇంజను చప్పుడు. ఉప్పుటేటి నుంచి ఇంత లావు గొట్టం వేసి నీళ్ళు తోడుతున్నారు. చెరువులో చక్రాలు గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. ముక్కూమొహం తెలీని మనుషులు గట్టు మీద షెడ్డు వేసుకుని కూర్చున్నారు. అరటిచెట్లు ఆకులు మాడి వంగిపోయి ఉన్నాయి. దారి తప్పానేమో అనుకున్నాను. అప్పుడు మా అబ్బాయి షెడ్డులోంచి బయటకొచ్చాడు.

"అమ్మా! నువ్వేంటి ఇక్కడ?"

"నీళ్ళకొచ్చాను. ఇదేంట్రా? మన చేపేది?"

వాడు నేలకేసి చూశాడు. "నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడే పట్టించేశానమ్మా. చెరువు లీజుకిచ్చేశాను. వాళ్ళు రొయ్య వేస్తున్నారు."

"రోజూ ఫోనులో చేప బాగుందంటున్నావు కదరా!"

"మరేం చెప్పమంటావమ్మా? చెరువుంటే నాన్న ఆగుతారా? మూడు నెలలవగానే సైకిలెక్కుతారు. మళ్ళీ తెల్లారగట్ల గట్టు మీద పడిపోతే ఎవరు చూస్తారు? చెరువు లేకపోతే రారు. నాకు చెరువు కావాలా, నాన్న కావాలా? నువ్వే చెప్పు."

చెంప పగలగొడదామని ఎత్తిన చెయ్యి అలాగే దించేశాను. వాడు చేసింది ద్రోహమా, మంచా? రెండూనూ. కళ్ళు తుడుచుకుంటున్నాడు వెధవ, చిన్నప్పుడు దెబ్బ తిన్నప్పుడు తుడుచుకున్నట్టే.

"నాన్నకి చెప్పకమ్మా. డాక్టరుగారేమన్నారో తెలుసుగా."

చెప్తే గుండె ఆగుతుందేమో. చెప్పకపోతే రోజూ పట్టుబడి లెక్క వింటూ తల ఊపాలి. ఇంతకుముందు అబద్ధం వాడొక్కడిదీ. ఇప్పుడు నాది కూడా. వట్టిచేతుల్తో పోతే ఎందుకు తేలేదంటారు. అందుకని తూము దగ్గరకి నేనే దిగి, క్యాను ముంచి, పాచి పట్టిన రాళ్ళు నాలుగు ఏరి గుడ్డలో మూటగట్టాను. మొదటిసారి గట్టెక్కిన రోజుకి అందులో మా చేప లేదు. ఇంక నా వల్ల నిలవకపోయేదేముంది?

తిరుగు బస్సులో దారంతా అబద్ధాలు అల్లుకున్నాను. చేప బాగుందండీ. గట్టు బాగుందండీ. అరటి గెల వేసిందండీ. కొవ్వూరు దాటి వంతెన మీదకి రాగానే అందరితో పాటు నేనూ గోదాట్లో రూపాయి బిళ్ళ వేశాను. ఏమని మొక్కుకోవాలో తెలీక ఊరికే దణ్ణం పెట్టాను.

ఇంటికొచ్చేసరికి ఆయన తలుపు దగ్గరే కుర్చీ వేసుక్కూర్చున్నారు. "తెచ్చావా?" అని క్యాను లాక్కున్నారు. మూత తీసి వాసన చూశారు. తర్వాత దోసిట్లో కాసిని పోసుకుని నోట్లో వేసుకున్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చెరువు నీళ్ళు నోట్లో వేసుకుని చూస్తారని నాకు తెలీదు. గట్టు మీదకి పోయినదాన్నయితే కదా తెలియడానికి! నేనల్లుకున్న అబద్ధాలన్నీ అక్కడితో వృథా అయిపోయాయి.

ఆయన మింగలేదు, ఉమ్మలేదు. కాసేపు అలాగే పట్టుకుని, తర్వాత మెల్లిగా లేచి బాత్రూములో ఉమ్మి వచ్చారు. నేను మాత్రల సీసా మూత తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

"ఉప్పగా ఉన్నాయే" అన్నారు.

నేను రాళ్ళ మూట ఆయన ముందుకి జరిపాను.

"రొయ్య వేశారా?"

"ఆయ్, వేశారండి."

"వాడేనా?"

"మీకోసమేనండీ. మీరు మళ్ళీ అక్కడ పడిపోతారని..." ఆపైన ఏడుపొచ్చేసింది నాకు. మాత్ర తియ్యబోతే వద్దని చెయ్యడ్డం పెట్టారు.

"గట్టు మీద అరటి?"

"పోయిందండీ."

తలూపారు. ఆ తలూపడం చూసి, ఇంతకంటే గుండె పట్టుకుని పడిపోయినా నయమేమో అనిపించింది. అరిస్తారు, కొడుకుని తిడతారు, మెట్లకి అడ్డం పడాలి అని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన మాత్రం గ్లాసు తెమ్మన్నారు. క్యానులో నీళ్ళు గ్లాసుతో ముంచి తొట్టిలోకి పోశారు. కాస్త ఆగి ఇంకాస్త పోశారు. రాళ్ళు కడగకుండానే ఒక మూలగా పెట్టారు.

"మొత్తం పొయ్యచ్చు కదండీ" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"ఒక్కసారిగా పోస్తే తట్టుకోలేవే. కొద్దికొద్దిగా పొయ్యాలి" అన్నారు. "ఉప్పు ఒకందుకు మంచిదేలే. జబ్బు చేసిన చేపకి ఉప్పేగా వేసేది."

ఆ సాయంత్రం ఊరికి ఫోను చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు. అబ్బాయే చేస్తే రిసీవరు తీసుకుని, "తిన్నావా?" అనడిగారు, అంతే. చేప మాట ఎత్తలేదు. అవతల వాడు ఏడుస్తున్నట్టుంది. "సర్లే, సర్లేరా" అని పెట్టేశారు.

ఆ నీళ్ళ వల్లో, ఆ రాళ్ళ వల్లో, ఊరికే రోజులు గడిచినందువల్లో, చేపలు తేలడం తగ్గింది. తెల్లమచ్చదాని తోక మళ్ళీ చిగురేసింది. ఒక తెల్లారగట్ల నేను లేచి చూస్తే రెండూ అడుగున రాళ్ళ దగ్గర నిమ్మళంగా తిరుగుతున్నాయి. నీళ్ళకి లేత ఆకుపచ్చ రంగు వచ్చింది. గాజుకి పాచి పట్టింది. నేను ముట్టుకోలేదు. బీపీ చూసిన డాక్టరుగారు, "చెప్పానా అమ్మా, చేపలు పెడితే తగ్గుతుందని!" అన్నారు. నాకు ఆయన్ని గట్టిగా ఒకటి అడగాలనిపించింది. కాఫీ ఇచ్చి పంపాను.

మూడు నెలలూ అయిపోయాయి. మెట్లు దిగొచ్చు, నడవచ్చు, ఊరికి పోవచ్చు అని చెప్పేశారు. ఆ మాట కోసం ఆయన కంటే నేనే ఎక్కువ ఎదురుచూశాను. నా పెరడు, నా వీధరుగు, ఉమ్మడానికి చోటున్న నా ఇల్లు! పొద్దున్నే లేచి బీరువాలో చీరలన్నీ తీసి సంచిలో సర్దాను, ఆయన పంచెలు మడతపెట్టాను. అల్లుడు ఆటోకి చెప్పడానికి చెప్పులేసుకున్నాడు. తలుపు బార్లా తీసి ఉంది, మెట్ల మీద ఎండ పడుతోంది.

"ఏవండీ, చొక్కా వేసుకోండి. బస్సు వేళవుతోంది" అన్నాను.

ఆయన తొట్టి ముందు కుర్చీలోంచి కదల్లేదు. చిటికెడు మేత వేసి, ఆ రెండూ పైకొచ్చి అందుకోవడం చూస్తున్నారు.

"నీళ్ళు ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నాయే" అన్నారు. "ఇప్పుడు కదిపితే పోతాయి."

"అమ్మాయి చూసుకుంటుంది కదండీ."

"దానికేం తెలుసు."

అల్లుడు నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను. మెట్లు దిగడానికి నలుగురు మనుషులక్కర్లేదిప్పుడు, ఆయన కాళ్ళు బాగానే ఉన్నాయి. మరి ఎక్కడికి దిగాలి? దిగితే అది ఊరు. ఊళ్ళో తెల్లారితే లేచి పోవడానికి ఏముంది ఆయనకి?

"చెప్పులు విప్పు బాబూ" అన్నాను అల్లుడితో. తలుపు నేనే మూశాను. సంచిలోంచి చీరలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టి, టబ్బులో రేపటికి నీళ్ళు పట్టాను.